ఎర్ర గీత పక్కన ఇటాలియన్ల పేట

(బోస్టన్ శివార్లలో తెలుగువాళ్ళు జరుపుకునే ఒక సమావేశంలో చేసిన ప్రసంగం. మాట్లాడిన తీరు మార్చకుండా అక్షరాల్లో పెట్టాం.)

అందరికీ నమస్కారం. వచ్చే శనివారం మనం పిల్లాపాపలతో కలిసి బోస్టన్‌లోని ఇటాలియన్ల పేట నార్త్ ఎండ్‌కి వెళ్తున్నాం కదా, దాని గురించి ముందుగా కాస్త చెప్పమని అడిగారు. గంటసేపు మాట్లాడమన్నారు గానీ, వెనకాల బల్ల మీద సమోసాలు చల్లారుతున్నాయి. అంతసేపు మిమ్మల్ని కూర్చోబెట్టను.

మీలో చాలామంది ఆ పేట చూసే ఉంటారు. ఇండియా నుంచి అమ్మానాన్నలు వచ్చినప్పుడు తీసుకెళ్ళే చోట్లలో అదొకటి. డౌన్‌టౌన్ కాలిబాట మీద ఒక ఎర్ర గీత ఉంటుంది. కొంతమేర రంగు, కొంతమేర ఇటుక. దాన్నే ఫ్రీడమ్ ట్రెయిల్ అంటారు. ఆ గీత పట్టుకుని నడిస్తే పాల్ రివీర్ ఇల్లు వస్తుంది, తర్వాత ఓల్డ్ నార్త్ చర్చి వస్తుంది. రెండు చోట్లా ఫోటోలు దిగి, హానోవర్ స్ట్రీట్‌లో మిఠాయి కొట్టు ముందు క్యూ కట్టి, దారం కట్టిన అట్టపెట్టెలో కన్నోలీలు, అంటే లోపల తీపి కూరిన ఇటాలియన్ గొట్టాలు, పట్టుకుని ఇంటికొచ్చేస్తాం. తప్పేం లేదు. కాకపోతే ఆ గీత మనకి ఏం చూపిస్తుంది, ఏం దాటేసి పోతుంది అన్నదే ఇవాళ నేను చెప్పబోయేది.

గీత చూపించేది 1775, అమెరికా స్వాతంత్ర్య యుద్ధం మొదలైన ఏడాది. గుర్రమెక్కి వెళ్ళి బ్రిటిష్ సైన్యం వస్తోందని చెప్పిన రివీర్, చర్చి గోపురంలో వేలాడదీసిన దీపాలు, ఆ కథంతా. ఆ బాట వేయాలన్న ఆలోచన పుట్టింది 1951లో, ఎర్ర గీత గీసింది 1958లో. అప్పటికి నార్త్ ఎండ్‌లో గీతకి రెండు పక్కలా కాపురం ఉంటున్నది దాదాపు అందరూ ఇటాలియన్లే. పైన కిటికీల్లో వాళ్ళ బట్టలు ఆరుతుంటే, కింద వాళ్ళ ఊసే లేని చరిత్ర ఒకటి గీసుకుంటూ పోయారన్నమాట.

దీనికి మంచి సాక్ష్యం పాల్ రివీర్ ఇల్లే. నార్త్ స్క్వేర్‌లో నిటారు కప్పుతో, బూడిదరంగు చెక్క గోడలతో కనిపించే ఇల్లు. 1680 ప్రాంతంలో కట్టారు. రివీర్ 1770లో కొని 1800లో అమ్మేశాడు. ఆ తర్వాత నూరేళ్ళు దాని గతి ఏమిటి? అద్దె కొంపైంది. వలస వచ్చినవాళ్ళు గదులు పంచుకుని బతికారు. 1900 నాటి ఫోటోలు చూడండి, గూగుల్ చేస్తే దొరుకుతాయి. కింద అంతస్తులో కొట్లు. ఒకదాంట్లో చుట్టలు చుట్టే ఫ్యాక్టరీ, ఇంకోదాంట్లో కాయగూరలు, పళ్ళు, మరోదాని మీద ‘బాంకా ఇటాలియానా’ అని బోర్డు. రివీర్ గారి మునిమనవడొకాయన 1902లో దాన్ని కొని, కూల్చకుండా కాపాడాడు. బాగుచేసి 1908లో మ్యూజియంగా తెరిచారు. బాగుచెయ్యడమంటే ఏం చేశారంటే, కొట్లు పీకేశారు, పై మూడో అంతస్తు తీసేశారు, 1700 నాటి రూపానికి తెచ్చారు. అసలు సంగతేమిటంటే, ఆ మూడో అంతస్తు రివీర్ కాలానికే ఉంది! అంటే ఇప్పుడు మనం చూసేది రివీర్ ఉన్నప్పటి ఇల్లూ కాదు, ఇటాలియన్లు ఉన్నప్పటి ఇల్లూ కాదు. ఒక కట్టడాన్ని కాపాడేటప్పుడు ఏ ఏడాదిని ఉంచుకుని ఏ ఏడాదిని గీకెయ్యాలో ఎవరో ఒకరు నిర్ణయిస్తారు. నేను కట్టడాల ఇంజనీరుని, ఈ నిర్ణయాలు ఎలా జరుగుతాయో దగ్గర నుంచి చూశాను కాబట్టి నాకు ఆ ఇంటి ముందు నిలబడితే చుట్టల ఫ్యాక్టరీయే గుర్తొస్తుంది.

ఆ బ్యాంకు బోర్డు దగ్గర కాస్త ఆగుదాం. బ్యాంకంటే మనం అనుకునే బ్యాంకు కాదు. ఇటాలియన్ భాష వచ్చిన ఒక కొట్టు యజమాని. ఓడ టికెట్లు అమ్ముతాడు, ఇంటికి ఉత్తరాలు రాసిపెడతాడు, వచ్చిన ఉత్తరాలు చదివిపెడతాడు, డబ్బు ఊరికి పంపిస్తాడు, మిగిలిన డబ్బు తన దగ్గరే దాస్తాడు. కొందరు పనులు కూడా ఇప్పిస్తారు. పద్రోనే అనేవాళ్ళు, అంటే మేస్త్రీలు, కూలీలని కుదిర్చి రైలు పట్టాల పనికీ కాలవల పనికీ పంపించి, వాళ్ళ కూలిలో తమ వాటా పట్టుకునేవాళ్ళు. ఇంగ్లీషు రానివాడికి వాళ్ళే దిక్కు, వాళ్ళే పీడ. ఇలాంటి వలసదారుల బ్యాంకులోనే, మాంట్రియల్‌లో, పనిచేసి వచ్చినవాడే చార్లెస్ పోంజీ. కొత్తగా కట్టినవాళ్ళ డబ్బే పాతవాళ్ళకి లాభమని పంచే పోంజీ స్కీమంటే మనవాళ్ళకి పరిచయం అక్కర్లేదు. (నవ్వులు) 1920లో 45 రోజుల్లో 50 శాతం లాభమిస్తానని చెప్పి, స్కూల్ స్ట్రీట్‌లో ఆఫీసు పెట్టాడు. కట్టినవాళ్ళలో బోస్టన్ పోలీసులు కూడా బోలెడుమంది. ఆగస్టుకల్లా దుకాణం మూతపడింది. మన ఎర్ర గీత స్కూల్ స్ట్రీట్ మీదుగా కూడా పోతుంది, శనివారం గమనించండి.

ఇంతకీ ఎవరీ జనం? నార్త్ ఎండ్‌కి ముందు ఐరిష్ వాళ్ళొచ్చారు, ఆలుగడ్డ కరువు నుంచి పారిపోయి. తర్వాత సేలం స్ట్రీట్ వైపు యూదులు. ఇటాలియన్లలో మొదట వచ్చింది 1860లలో జెనోవా వైపు నుంచి, కొద్దిమంది. అసలు వరద 1880ల తర్వాత, దక్షిణం నుంచి: నేపుల్స్ చుట్టుపక్కల కంపానియా, అవెల్లీనో కొండలు, అబ్రుట్సో, సిసిలీ. 1861లో ఇటలీ ఒక్క దేశమైంది గానీ, దక్షిణాది రైతుకి ఒరిగిందల్లా పన్నులు. సొంత భూమి లేదు, మలేరియా, ఆపైన 1908లో మెస్సీనా భూకంపం. అమెరికాలో దిగాక వాళ్ళకి వాళ్ళు ఇటాలియన్లమని కూడా అనుకోలేదు. మా ఊరివాడు, పక్క ఊరివాడు, అంతే. సిసిలీ వాళ్ళు చేపలు పట్టేవాళ్ళు కాబట్టి రేవుకి దగ్గరగా నార్త్ స్ట్రీట్‌లో సర్దుకున్నారు. అవెల్లీనో వాళ్ళది వేరే వీధి, వేరే యాస, వేరే దేవుడు, వేరే సంఘం. 

వచ్చినవాళ్ళలో ఎక్కువమంది మగవాళ్ళు. రెండేళ్ళు కష్టపడి నాలుగు డబ్బులు వెనకేసుకుని వెళ్ళిపోదామనే వచ్చారు. ఈ మాట ఎక్కడో విన్నట్టుంది కదా? (నవ్వులు) వాళ్ళు మాత్రం నిజంగానే వెళ్ళారండీ. అమెరికాకి వచ్చిన ఇటాలియన్లలో మూడో వంతు నుంచి సగం దాకా తిరిగి వెళ్ళిపోయారని చరిత్రకారుల అంచనా. మిగిలినవాళ్ళు పెళ్ళాం బిడ్డల్ని రప్పించుకున్నారు. 1930 నాటికి ఆ పేటలో 40,000 మందికి పైగా ఉన్నారని చెబుతారు. పేట విస్తీర్ణం అర చదరపు మైలు కూడా ఉండదు. ఇప్పుడు అక్కడ ఉండేది ఇంచుమించు 10,000 మంది. శనివారం సాయంత్రం హానోవర్ స్ట్రీట్‌లో జనాన్ని తోసుకుంటూ నడిచేటప్పుడు ఈ లెక్క గుర్తు చేసుకోండి. అప్పట్లో ఆ గుంపంతా సాయంత్రానికి ఇంటికి వెళ్ళేది కాదు, అక్కడే ఇళ్ళు.

బోస్టన్ పెద్దలకి ఇదంతా నచ్చలేదు. 1894లో హార్వర్డ్‌లో చదువుకున్న కుర్రాళ్ళు కొందరు ఇదే ఊళ్ళో ఇమ్మిగ్రేషన్ రిస్ట్రిక్షన్ లీగ్ అని, వలసలకి అడ్డుకట్ట వెయ్యాలనే సంఘం పెట్టారు. వచ్చేవాళ్ళకి చదవడం వచ్చో రాదో పరీక్ష పెట్టాలని వాళ్ళ డిమాండు. చూడ్డానికి చదువు పరీక్ష, గురి మాత్రం దక్షిణ, తూర్పు యూరప్ వాళ్ళ మీద. మసాచూసెట్స్ సెనేటర్ హెన్రీ కేబట్ లాడ్జ్ దాని తరఫున నిలబడ్డాడు. అప్పుడు నార్త్ ఎండ్‌లోనే పుట్టిన ఐరిష్ కాంగ్రెస్ సభ్యుడు జాన్ ఫిట్జ్‌జెరాల్డ్ అడ్డుపడ్డాడు. ఈ దేశం మీద యూదులకీ ఇటాలియన్లకీ హక్కేముందని లాడ్జ్ అడిగాడనీ, మీ నాన్నకీ మా నాన్నకీ ఉన్నంత హక్కు ఉంది, ఎక్కిన ఓడల్లోనే తేడా అని తాను జవాబిచ్చాననీ ఫిట్జ్‌జెరాల్డ్ తర్వాత చెప్పుకునేవాడు. ఆయన చెప్పినదే కాబట్టి కాస్త మెరుగులు దిద్ది ఉండొచ్చు. ఏమైతేనేం, ఆ బిల్లుని 1897లో అధ్యక్షుడు క్లీవ్‌లాండ్ వీటో చేశాడు.

కానీ ఆ పరీక్ష 1917లో చట్టమై కూర్చుంది. ఆ చట్టంలోనే ఇంకో భాగం ఉంది, మన వాళ్ళలో చాలామందికి తెలియదు. ఆసియాలో ఒక పెద్ద ప్రాంతం మొత్తాన్ని, ఇండియాతో సహా, గీత గీసి బయట పెట్టేశారు. ఇటాలియన్లకి పరీక్ష, మనకి తలుపే మూత. తర్వాత 1924 చట్టంతో ఇటాలియన్లకీ తలుపు ఇంచుమించు మూసుకుంది. 1914 ఒక్క ఏడాదిలో ఇటలీ నుంచి 2,80,000 మందికి పైగా వస్తే, కొత్త కోటా ఏడాదికి 3,845. మనకి 1946 దాకా ఏమీ లేదు, ఆ తర్వాత ఏడాదికి 100.

ఈ కోటాలన్నీ ఎత్తేసింది 1965 చట్టం. మనం ఇవాళ ఈ హాల్లో కూర్చున్నామంటే ఆ చట్టం వల్లే. సెనేట్‌లో దాన్ని దగ్గరుండి నడిపించింది మసాచూసెట్స్ సెనేటర్ ఎడ్వర్డ్ కెనడీ. ఆయన తల్లి రోజ్, ఇందాక చెప్పిన ఫిట్జ్‌జెరాల్డ్ కూతురు. 1890లో ఆవిడ పుట్టిన ఇల్లు గార్డెన్ కోర్ట్ స్ట్రీట్‌లో ఉంది. పాల్ రివీర్ ఇంటి నుంచి నాలుగడుగులు. చూడ్డానికి మామూలు ఇటుక ఇల్లు. నన్నడిగితే, మన తెలుగువాళ్ళు ముందు ఫోటో దిగాల్సింది అక్కడ. లోపల ఎవరో కాపురం ఉంటున్నారు, తలుపు మాత్రం తట్టకండి.

ఇక మొలాసిస్ సంగతి. తణుకో బొబ్బిలో చెరకు ఫ్యాక్టరీ దగ్గర పెరిగినవాళ్ళకి ఆ నల్లటి చిక్కటి పాకం వాసన తెలిసే ఉంటుంది. దాన్ని పులియబెట్టి ఆల్కహాల్ తీస్తారు. మొదటి ప్రపంచ యుద్ధంలో మందుగుండుకి ఆల్కహాల్ కావాల్సి వచ్చింది. క్యూబా నుంచి, ఆ చుట్టుపక్కల దీవుల నుంచి ఓడల్లో మొలాసిస్ తెచ్చి నిలవ చెయ్యడానికి ఒక కంపెనీ 1915లో కమర్షియల్ స్ట్రీట్‌లో, రేవు ఒడ్డున, ఇళ్ళ పక్కనే పెద్ద ఉక్కు ట్యాంకు కట్టింది. ఎత్తు 50 అడుగులు, అడ్డం 90 అడుగులు. అంత పెద్ద ట్యాంకు జనం మధ్య ఎలా పెట్టనిచ్చారంటే, ఆ జనంలో చాలామందికి పౌరసత్వం లేదు, ఓటు లేదు. ఏ కౌన్సిలరూ వాళ్ళ కోసం గొంతు చించుకోడు.

ఇప్పుడు నా వృత్తి మాట్లాడుతుంది, ఓపిక పట్టండి. ట్యాంకు పనిని పర్యవేక్షించిన ఆయన లెక్కలు చూసే ఉద్యోగి. డ్రాయింగు చదవడం రాదు. ట్యాంకు కట్టాక నిండా నీళ్ళు పోసి చూడాలి, అది కనీస ధర్మం. టైము లేదని ఆరంగుళాల నీళ్ళు పోసి సరిపెట్టారు. 50 అడుగుల ట్యాంకులో ఆరంగుళాలు! నీళ్ళ కన్నా మొలాసిస్ బరువు దాదాపు ఒకటిన్నర రెట్లు, ఆ బరువుకి రేకు మందం చాలదు. మొదటి రోజు నుంచీ అతుకుల దగ్గర కారుతూనే ఉంది. పేటలో పిల్లలు డబ్బాలు పట్టుకొచ్చి ఆ కారేది పట్టుకెళ్ళేవాళ్ళు. ఫిర్యాదులు వస్తే కంపెనీ ఏం చేసిందంటే, ట్యాంకుకి గోధుమరంగు వేయించింది, కారేది కనపడకుండా.

1919 జనవరి 15, బుధవారం, మధ్యాహ్నం పన్నెండున్నర దాటింది. చలి కాస్త తగ్గిన రోజు. ట్యాంకు ఒక్కసారిగా విచ్చుకుపోయింది. 23 లక్షల గాలన్లు. అల పాతికడుగుల ఎత్తు లేచిందని, గంటకి 35 మైళ్ళ వేగంతో వచ్చిందని లెక్క. పైన రైలు నడిచే ఇనప వంతెన స్తంభాలు వంగిపోయాయి, ఫైర్ స్టేషన్ పునాది మీద నుంచి పక్కకి జరిగిపోయింది. 21 మంది చనిపోయారు, 150 మందికి గాయాలు. చనిపోయినవాళ్ళలో భోజనానికి కూర్చున్న మునిసిపాలిటీ పనివాళ్ళున్నారు, పదేళ్ళ పిల్లలు ఇద్దరున్నారు. చలికి ఆ పాకం ఇంకా చిక్కబడి, చిక్కుకున్నవాళ్ళని లాగడం కూడా కుదరలేదు.

కోర్టులో కంపెనీ వాదన ఏమిటో ఊహించండి. ఇటాలియన్ అరాచకవాదులు, అంటే ప్రభుత్వమే ఉండకూడదనేవాళ్ళు, బాంబు పెట్టారు అని! ట్యాంకు కట్టింది తామైనా, తప్పు చుట్టూ ఉన్నవాళ్ళది. ఆ రోజుల్లో బాంబులు పేలిన మాట నిజమే, అరాచకవాదుల గుంపులు ఉన్న మాటా నిజమే. కానీ కోర్టు నియమించిన ఆడిటర్ ఏళ్ళ తరబడి సాక్ష్యాలు విని, 1925లో కంపెనీదే తప్పని తేల్చాడు. కంపెనీ 6,28,000 డాలర్ల దాకా కట్టింది. ఈ కేసు దెబ్బకే బోస్టన్‌లో కట్టడాల లెక్కలు ఇంజనీరు సంతకంతో సహా దాఖలు చెయ్యాలన్న పద్ధతి వచ్చింది. నేను సంతకం పెట్టే ప్రతి కాగితం వెనక ఆ పేట ఉందన్నమాట.

ఆ చోట ఇప్పుడు పార్కు ఉంది, లాంగోన్ పార్కు. పెద్దవాళ్ళు బోచ్చీ అనే బంతులాట ఆడుతుంటారు, పిల్లలకి ఉయ్యాలలున్నాయి. ప్రమాదం జరిగిందని చెప్పే ఫలకం చాలా చిన్నది, గోడకి మోకాలెత్తున ఉంటుంది. పాల్ రివీర్‌కి గుర్రంతో సహా కంచు విగ్రహం, వీళ్ళకి ఆ పలక.

సాకో, వాంజెట్టీ గురించి క్లుప్తంగా చెప్పేస్తాను, ఎందుకంటే ఆ కేసు ఒక సాయంత్రంలో తెమిలేది కాదు. ఒకాయన చెప్పుల ఫ్యాక్టరీలో పనివాడు, ఇంకొకాయన వీధుల్లో చేపలు అమ్ముకునేవాడు. ఇద్దరూ ఇటాలియన్లు, అరాచకవాదులు. 1920లో జరిగిన దోపిడీ హత్యల కేసులో దొరికారు, ప్రపంచమంతా నిరసనలు జరిగినా 1927 ఆగస్టు 23న విద్యుత్ కుర్చీలో కూర్చోబెట్టారు. శవాలని ఉంచింది హానోవర్ స్ట్రీట్‌లో. వేలమంది వరసకట్టి చూశారు. 28న వానలో శవయాత్ర నార్త్ ఎండ్ నుంచే బయల్దేరింది. యాభై ఏళ్ళకి, 1977లో, మసాచూసెట్స్ గవర్నర్ డుకాకిస్ వాళ్ళకి న్యాయంగా విచారణ జరగలేదని ప్రకటించాడు. నేరం చేశారా లేదా అన్నది ఆయన తేల్చలేదు, తేల్చనని కూడా చెప్పాడు. నాకు ఆ జాగ్రత్త నచ్చింది.

బాధలే చెబుతున్నానని అనుకోకండి. హల్ స్ట్రీట్‌లో, ఓల్డ్ నార్త్ చర్చి ఎదురుగా పైకి ఎక్కే సందులో, 1908లో కుండల పని మొదలైంది. ఈడిత్ గెరియర్ అనే లైబ్రేరియన్ ఇటాలియన్, యూదుల ఆడపిల్లల కోసం చదువుకునే క్లబ్బులు నడిపింది. శనివారం సాయంత్రం కలిసే పెద్ద పిల్లల బృందానికి సాటర్‌డే ఈవినింగ్ గర్ల్స్ అని పేరు. అద్దె కొంపల్లో కుట్టుపనితో కళ్ళు పోగొట్టుకోకుండా సంపాదన ఉండాలని గిన్నెలు, పళ్ళేలు చేసి రంగులద్దడం నేర్పించారు. వాటి అంచున కోళ్ళు, బాతులు, కుందేళ్ళు, పూలు. పిల్లలు రంగులద్దుతుంటే ఒకరు కూర్చుని కథలు గట్టిగా చదివి వినిపించేవారు. అప్పుడు పిల్లలు పాలు తాగిన ఆ గిన్నెలు ఇప్పుడు మ్యూజియంలో అద్దాల వెనక ఉన్నాయి. ఎర్ర గీత ఆ ఇంటి ముందు నుంచే పోతుంది, ఆగమని మాత్రం చెప్పదు.

గీత మీద లేనిది ఇంకోటి, పార్మెంటర్ స్ట్రీట్‌లో పబ్లిక్ లైబ్రరీ బ్రాంచి. లోపల వెనిస్ డోజ్ ప్యాలెస్‌కి, అంటే అక్కడి పాలకుల భవనానికి, చిన్న నమూనా ఉంది, మనుషుల బొమ్మలతో సహా. పిల్లల్ని అక్కడ పది నిమిషాలు నిలబెట్టొచ్చు, టాయిలెట్ కూడా ఉంది. ఆ వీధి మలుపులోనే 1932 నుంచీ ఉన్న పోల్కారీస్ కాఫీ కొట్టు. కాఫీ గింజలు, మసాలా దినుసులు విడిగా కొనుక్కోవచ్చు. లోపలికి అడుగుపెట్టగానే వచ్చే వాసన చాలు, మీ అమ్మగారు అరగంట బయటికి రారు.

1950లలో పేటకీ ఊరికీ మధ్య ఎత్తైన హైవే కట్టారు. ఉక్కు స్తంభాల మీద ఆరు లేన్లు. దానికింద చీకటి, రొద. పక్కనే వెస్ట్ ఎండ్ అని ఇంకో పేట ఉండేది, అక్కడా ఇటాలియన్లు, యూదులు, పోలిష్ వాళ్ళు. మురికివాడని ముద్రవేసి 1958 నుంచి మొత్తం నేలమట్టం చేశారు. వేల కుటుంబాలు చెదిరిపోయాయి. నార్త్ ఎండ్‌కీ అదే ముద్ర ఉంది. బ్యాంకులు అప్పులివ్వలేదు. నగరాల గురించి రాసే జేన్ జేకబ్స్ అనే రచయిత్రి 1959లో ఆ పేట తిరిగి చూసి, ఇంత కళకళలాడుతోందేమిటని ఊళ్ళోని ఒక ప్లానర్‌కి ఫోన్ చేసిందట. అది ఊళ్ళో అన్నిటికన్నా పాడు మురికివాడ అన్నాడాయన. తీరా అంకెలు చూస్తే రోగాలూ తక్కువే, నేరాలూ తక్కువే. పైగా నాకూ అప్పుడప్పుడూ అక్కడికెళ్ళి ఊరికే తిరగాలనిపిస్తుంది అన్నాడట! ఇళ్ళు బాగున్నది అప్పులతో కాదు. తాపీ పని వచ్చినవాడు ప్లంబరింగ్ వచ్చినవాడికి గోడ కట్టిపెట్టాడు, వాడు వీడికి పైపులు వేసిపెట్టాడు.

తర్వాత ఆ హైవేని భూమిలోకి దింపారు. ఆ పనికి బిగ్ డిగ్ అని పేరు. దాదాపు 1,500 కోట్ల డాలర్లు మింగింది. పైన ఇప్పుడు చెట్లు, గడ్డి, 2008లో తెరిచిన గ్రీన్‌వే అనే పార్కు. గోడ పోయింది, వెంటనే అద్దెలు లేచాయి. నిజం చెప్పాలంటే అప్పటికే పిల్లలు మెడ్‌ఫర్డ్, రివీర్, సాగస్ అనే శివారు ఊళ్ళకి వెళ్ళిపోయారు. పెరడు కావాలి, కారు పెట్టుకోవాలి, మంచి స్కూలు కావాలి. మనం ష్రూస్‌బరీ వచ్చింది ఎందుకో వాళ్ళు సాగస్ వెళ్ళిందీ అందుకే. మేడ మీద ఇప్పుడు ఉండేది ఎక్కువగా కుర్ర ఉద్యోగులు. కింద రెస్టారెంట్లు. కొందరు దాన్ని చూసి ఇదంతా టూరిస్టుల కోసం వేసిన నాటకం సెట్టు అంటారు. రెస్టారెంట్ల వరకు ఆ మాట కొంత నిజమే. తురిమిన చీజ్‌తో బాటు నోస్టాల్జియా కూడా చల్లి అమ్ముతారు.

ఉత్సవాల విషయంలో మాత్రం ఒప్పుకోను. ఆగస్టులో మళ్ళీ వెళ్ళండి, అప్పుడు తెలుస్తుంది. సిసిలీలోని షాకా ఊరి నుంచి వచ్చిన జాలర్లు 1910 నుంచి తమ ఊరి మరియమ్మకి పండుగ చేస్తున్నారు. చివరి రోజు నార్త్ స్ట్రీట్‌లో ఒక చిన్నపిల్లకి రెక్కలు కట్టి, మూడో అంతస్తు కిటికీలోంచి తాడు మీద వీధి మధ్యకి దింపుతారు. కింద విగ్రహం, చుట్టూ జనం, ఆ పిల్ల గాల్లో వేలాడుతూ ఇటాలియన్‌లో ప్రార్థన చెబుతుంది. మాది విజయనగరం. సిరిమాను చివర పూజారి ఊగుతుంటే గుండెలు చేత్తో పట్టుకుని చూసినవాణ్ణి, నాకు కొత్తగా చెప్పక్కర్లేదు. ఆగస్టు చివర్లో సెయింట్ ఆంథొనీ పండుగ. మోంటెఫాల్చోనె ఊరి వాళ్ళు 1919లో మొదలుపెట్టారు. ఆదివారం మధ్యాహ్నం విగ్రహాన్ని భుజాల మీద ఎత్తుకుని బయల్దేరితే పది గంటలు తిరుగుతారు. ప్రతి గుమ్మం ముందూ ఆగుతారు. జనం రిబ్బన్లకి డాలర్ నోట్లు గుచ్చుతారు. ఆ విగ్రహం మోసేవాళ్ళలో చాలామంది ఆ పేటలో ఉండట్లేదు. శివార్ల నుంచి కార్లేసుకుని వచ్చి, తాత మోసిన చోట భుజం పెడతారు. ఆ సంఘాల్లో సభ్యత్వం, డబ్బు లెక్కలు, ఎవరు ఏ మూల పట్టుకోవాలన్న తగాదాలు, అన్నీ నడుస్తూనే ఉన్నాయి. పేట అంటే అక్కడ అద్దె కట్టేవాళ్ళా, ఈ మోసేవాళ్ళా? నా ఓటు మోసేవాళ్ళకే. మీరు వాదించొచ్చు, సమోసాల దగ్గర మాట్లాడుకుందాం.

శనివారం సంగతులు. కార్లు తీసుకురావద్దు. అక్కడ పార్కింగు కోసం తిరిగితే మధ్యాహ్నం అయిపోతుంది. ఆరెంజ్ లైనో గ్రీన్ లైనో రైలెక్కి హేమార్కెట్ స్టేషన్లో దిగండి. నార్త్ స్క్వేర్‌లో పదింటికి కలుద్దాం. భోజనానికి హానోవర్ స్ట్రీట్‌లో గలేరియా ఉంబెర్తో, పలకల్లా కోసిన సిసిలీ పిజ్జా దొరుకుతుంది. నోట్లు తెచ్చుకోండి, కార్డు తీసుకోరు. చేసింది అయిపోతే కొట్టు కట్టేస్తారు, కాబట్టి పన్నెండు లోపే క్యూలో ఉండాలి. అరాంచీనీ అనే అన్నం ఉండల్లో మాంసం ఉంటుంది, శాకాహారులు వద్దు. ఇంకో మాట, పార్మిజానో చీజ్ చెయ్యడానికి పాలు విరగడానికి దూడ కడుపులోంచి తీసిన రెన్నెట్ వాడతారు. పట్టింపు ఉన్నవాళ్ళు చీజ్ చల్లకండి అని ముందే చెప్పండి. పట్టింపు లేనివాళ్ళు పక్కవాళ్ళ పళ్ళెంలోకి చూడకండి.

బ్యాటరీ స్ట్రీట్ మొదట్లో సన్నటి సందు ఒకటుంది, గోడల నిండా వందల మంది సెయింట్ల పటాలు. అది ఒకరి సొంత చోటు, గేటు వేసి ఉంటే బయట నుంచే చూద్దాం. మధ్యాహ్నం మూడు తర్వాత ఎవరి దారి వాళ్ళది. హేమార్కెట్‌లో కూరల బళ్ళు శుక్ర, శనివారాలే ఉంటాయి, సాయంత్రం అయ్యేకొద్దీ ధర పడిపోతుంది. సంచులు ఎవరివి వాళ్ళు తెచ్చుకోండి. మామిడిపళ్ళు పెట్టె చొప్పున కొనేటట్టయితే పెట్టె అడుగున ఉన్న పళ్ళు కూడా తీసి చూడండి.